నాయినకు మోటార్ న్యూరాన్ జబ్బు అని తేలింది. ఇంటి దగ్గర ఏమేం సిద్ధం చేసుకోవాలె?

డిండివాగు (ప్రశ్న)

మా నాయినకు 58 ఏండ్లు. ఊరు నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు, ఎన్కటి నుంచి బోరు నీళ్లు తాగిన ఇల్లు. ఏడాది కింద కుడి చేతి బొటనవేలు కింది కండ తగ్గుడు మొదలైంది, అంగి గుండీ పెట్టుకోరాలేదు. తర్వాత ఎడమ పాదం లేవక తట్టుకొని పడుడు. మూడు నెలల సంది మాట ముద్దగ వస్తున్నది, నీళ్లు తాగితే పొలమారుతున్నది. హైదరాబాద్‌ల ఈఎంజీ (కండల్ల కరెంటు పరీక్ష), మెడ ఎమ్మారై తీసి మోటార్ న్యూరాన్ డిసీజ్ (ఎమ్మెన్డీ), ఏఎల్ఎస్ రకం అని రాసిచ్చిండ్రు. రిలుజోల్ 50 పొద్దుమాపు వేస్తున్నం. బరువు 61 కిలోల నుంచి 54కు దిగింది. ఊపిరి పరీక్షల నిండ గుంజి ఊదే గాలి కొలత, ఎఫ్‌వీసీ 62 శాతం.

మా దిక్కు నడుము వంగినోళ్లు, కీళ్లు పట్టినోళ్లు ఇంటికొకరు ఉన్నరు గనుక ఇది నీళ్లల్ల ఉండే ఫ్లోరైడ్ బాపతే, ఎమ్మెన్డీ కాదు అని చుట్టాలు అంటున్నరు. ఎమ్మారైల మెడ దగ్గర కొంచెం ఒత్తిడి ఉన్నదని కూడా రాసిండ్రు, దానికి ఆపరేషన్ చేయించుమని ఒకరు, స్టెమ్ సెల్స్ ఎక్కించుమని ఇంకొకరు. మెడికల్ షాపాయన ఆక్సిజన్ మిషన్ కొనుమంటుండు. ఏది ముందు చేయాలె, ఏది అక్కర లేదు, తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

నరాలలెక్క

ముందు ఫ్లోరైడ్ సంగతి. మీ చుట్టాల అనుమానాన్ని కొట్టిపారేయలేం. నల్లగొండలో మెడ నరాల కేసు వస్తే మొదట తేల్చుకోవాల్సింది అదే.

మెదడు నుంచి వెన్నుపాము దాకా ఒక నరకణం, వెన్నుపాము నుంచి కండ దాకా ఇంకొక నరకణం. కదలికకు ఈ రెండూ కావాలి. కింది కణం చనిపోతే కండ కరుగుతుంది, చర్మం కింద పురుగు పాకినట్టు అదురుతుంది. పై కణం చనిపోతే కాలు బిగుస్తుంది, మోకాలి మీద సుత్తితో తడితే అవసరానికి మించి ఎగురుతుంది. రెండు రకాల గుర్తులూ ఒకే మనిషిలో, శరీరంలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పాకుతూ కనిపిస్తే దాన్ని ఏఎల్ఎస్ అంటారు. స్పర్శ పోదు, చూపు తిప్పడం పోదు, మల మూత్రాల మీద పట్టు చాలావరకు నిలుస్తుంది. అందుకని అరికాళ్ల తిమ్మిరి, మంట, మూత్రం బిగపట్టడం మొదట్లోనే ఉంటే నిర్ధారణను మళ్లీ చూసుకోవాలి.

ఎముకల ఫ్లోరోసిస్‌లో (ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు) ఏమవుతుందంటే, మెడలో వెన్నుపాము చుట్టూ ఉండే లిగమెంట్లు గట్టిపడి ఎముకగా మారి దారిని ఇరుకు చేస్తాయి. నొక్కిన చోట చేతుల కండ కరుగుతుంది, ఆ కింద కాళ్లు బిగుస్తాయి. చేతిలో కింది కణం గుర్తు, కాలిలో పై కణం గుర్తు. చూడటానికి అచ్చం ఏఎల్ఎసే. తేడా పట్టుకునే మార్గాలు ఇవి. ఫ్లోరోసిస్ మనిషికి గడ్డం ఛాతీకి ఆనదు, మెడ ఎత్తి పైకి చూడలేడు, తిమ్మిరి ఉంటుంది. ముంజేయి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి తెల్లగా కనిపిస్తుంది. కటి, వెన్ను ఎముకలు మామూలు కంటే దట్టంగా ఉంటాయి. ముంజేయి ఎక్స్‌రే జిల్లా ఆసుపత్రిలోనే అయిపోతుంది, మీరు తీయించకపోతే తీయించండి. గట్టిపడిన లిగమెంటు ఎమ్మారైలో కన్నా సీటీలో బాగా తెలుస్తుంది.

కానీ మీరు రాసిన ఒక ముక్క అన్నిటికన్నా బరువైంది. మాట ముద్దగా రావడం, నీళ్లు పొలమారడం. మెడలో ఎంత నొక్కుడు ఉన్నా నాలుక బలహీనం కాదు, ఎందుకంటే నాలుకకు పోయే నరం మెడ ఒత్తిడి ఉన్న చోటుకు పైన, మెదడు కాండం నుంచి బయలుదేరుతుంది. నాలుక పక్కలు పల్చబడి, నోట్లో కదలకుండా పెట్టినప్పుడు కూడా అదురుతుంటే ఇక మెడ కారణం కాదు. ఈఎంజీ నాలుకకు గానీ, ఛాతీ వెనక వెన్ను కండకు గానీ చేసి ఉంటే ఆ రిపోర్టు చూడండి, అక్కడ కూడా మార్పు ఉంటే నిర్ధారణ గట్టిదే.

రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, అంటే మెడ ఒత్తిడీ, ఏఎల్ఎసూ. అట్లాంటప్పుడు మెడ ఆపరేషన్ చేస్తే ఏఎల్ఎస్ ఆగదు, పైగా ఎఫ్‌వీసీ తగ్గిన మనిషికి మత్తు ఇస్తే వెంటిలేటర్ నుంచి దింపడం కష్టమవుతుంది. ఈ దశలో నేనైతే ఆపరేషన్ వద్దనే అంటాను. తొందరపెట్టే సర్జన్‌ను ఒకే ప్రశ్న అడగండి: "ఆపరేషన్ తర్వాత మాట బాగవుతుందా?" ఇక ఫ్లోరైడ్ నీళ్ల వల్లే ఎమ్మెన్డీ వస్తుందన్న మాటకు రుజువు లేదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం: 15-25 ఏండ్ల అబ్బాయికి ఒక్క చెయ్యి మాత్రమే సన్నబడితే అది తరచూ హిరయామా జబ్బు, కొన్నేళ్లు పెరిగి దానంతటదే ఆగుతుంది, మెడ వంచకుండా కాలర్ వేస్తారు. వినికిడి తగ్గి, ముఖం కండ, చేతులు సన్నబడితే మద్రాస్ రకం ఎమ్మెన్డీ, దక్షిణాదిలోనే ఎక్కువ చూస్తాం, నెమ్మదిగా నడుస్తుంది. ఇంకోటి, కండ కరిగినా పై కణం గుర్తులు లేకుండా ఒక నరం పరిధిలోనే ఉంటే మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి కావొచ్చు. దానికి ఇమ్యునోగ్లోబులిన్‌తో వైద్యం ఉంది, అది తప్పిపోకూడదు. ఊరికే కండ అదరడం, బలహీనత లేకుండా, చాలావరకు ఎమ్మెన్డీ కాదు.

మందుల విషయం తొందరగా ముగిస్తాను. రిలుజోల్ ఖాళీ కడుపున, అన్నానికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. మొదటి మూడు నెలలు నెలకోసారి లివర్ రక్తపరీక్ష, ఆ తర్వాత మూడు నెలలకోసారి. సగటున రెండు మూడు నెలల ఆయుష్షు పెంచుతుంది, పోయిన బలాన్ని తేదు. ఈడారవోన్ అనే మందు, జబ్బు మొదట్లో ఉన్న ఎంపిక చేసిన రోగుల్లో కొంచెం పనిచేసినట్టు జపాన్‌లో కనిపించింది, తర్వాత యూరప్‌లో నోటి మందుగా చేసిన పెద్ద పరీక్షలో ఫలితం రాలేదు. దానికి భూమి అమ్మకండి. టోఫర్సెన్ అనే మందు ఎస్ఓడీ1 జన్యువులో మార్పు ఉన్నవాళ్లకే, మొత్తం రోగుల్లో వాళ్లు చాలా కొద్దిమంది. స్టెమ్ సెల్స్: ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా దేనికైనా అనుమతి పొందిన పరిశోధనలోనే ఇవ్వాలి. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోరు. డబ్బు అడిగారంటే అది వైద్యమూ కాదు, పరిశోధనా కాదు.

ఊపిరిబల్ల

ఆక్సిజన్ మిషన్ కొనకండి. షాపాయన చెప్పింది తప్పు, ప్రమాదం కూడా.

ఈ జబ్బుల ఊపిరితిత్తులు మంచిగనే ఉంటయి. గాలిని లోపలికి గుంజే కండ, ముఖ్యంగ డయాఫ్రమ్, అలిసిపోతది. అప్పుడు లోపల పేరుకునేది కార్బన్ డయాక్సైడ్. దాన్ని బయటికి పంపేది గాలి కదలిక, ఆక్సిజన్ కాదు. మాస్కు మీదికెళ్లి ఆ గాలిని లోపలికి నెట్టే మిషనే బైపాప్. ఉత్త ఆక్సిజన్ పెడితే వేలికి పెట్టే మిషన్ల 98 చూపిస్తది, ఇంటోళ్లు నిమ్మళంగ నిద్రపోతరు, మనిషి మాత్రం లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి మబ్బుగ, మగతగ, ఒక్కోసారి లేపినా లేవని స్థితికి పోతడు. అంబులెన్సుల గానీ క్యాజువాలిటీల గానీ ఆక్సిజన్ మాస్క్ పెట్టబోతే "ఎమ్మెన్డీ పేషెంటు, బైపాప్ మీద ఉన్నడు" అని ముందుగాలనే చెప్పాలె. ఆ ముక్క తెలుగుల, ఇంగ్లీషుల ఒక కార్డు మీద రాసి మెడల వేయండి. న్యుమోనియా వస్తే ఆక్సిజన్ అవసరం పడొచ్చు, అప్పుడు కూడా బైపాప్ గొట్టంల కలిపి ఇస్తరు.

కావాల్సింది బైపాప్. గుర్తులు పొద్దుగాల తలనొప్పి, పగలు కునుకుపాట్లు, వెల్లకిల పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు పెట్టుకునుడు, రాత్రి మాటిమాటికి లేచుడు, పీడకలలు. ఇవి ఉంటే ఎఫ్‌వీసీ ఎంతున్నా సరే బైపాప్ మొదలుపెట్టే సమయం. గుర్తులు లేకున్నా 50 శాతం కిందికి వస్తే పెట్టాలె. మీ నాయినది 62, గనుక మూడు నెలలకోసారి మళ్లా ఊదించండి, కూసుండబెట్టి ఒకసారి, పండుకోబెట్టి ఒకసారి. పండుకున్నప్పుడు బాగ తగ్గిందంటే డయాఫ్రమ్ అలిసినట్టే. మాట ముద్దైనోళ్లకు పెదవులు బిగించి ఊదరాదు, లెక్క తప్పొస్తది. వాళ్లకు ముక్కుతోని గుంజే స్నిఫ్ పరీక్ష అడగండి. ధమని రక్తంల కార్బన్ డయాక్సైడ్ 45 దాటినా బైపాప్ అవసరమే.

గొంతు కండ బాగ బలహీనపడని రోగుల్లో బైపాప్ సగటున ఏడు నెలల దాక ఆయుష్షు పెంచిందని 2006ల వచ్చిన ఇంగ్లండ్ పరీక్షల తేలింది. మందు గోలీకన్నా ఎక్కువ. అందుకే ఖర్చు పెట్టేది ఉంటే ఇక్కడ పెట్టండి అంట.

కొనేటప్పుడు "ఎస్‌టీ మోడ్", అంటే మనిషి గుంజకపోయినా మిషనే నిమిషానికి ఇన్ని ఊపిరులు ఇచ్చేది అడగండి. గురక జబ్బుకు ఇచ్చే సీపాప్ తీస్కపోయి ఇదే అని అంటగడతరు, అది పనికిరాదు. ఊపిరి వదిలే ఒత్తిడి 4, గుంజే ఒత్తిడి 8-10తోని మొదలుపెట్టి, డాక్టర్ చూస్తుండంగ రోజులు, వారాల మీద 12-16 దాక పెంచుతరు. మొదటి రాత్రే ఎక్కువ పెడితే పేషెంటు మాస్క్ పీకేస్తడు, ఇక జన్మల పెట్టుకోడు. పగటిపూట టీవీ చూస్తుంటే అరగంట, గంట, అట్ల అలవాటు చేసి రాత్రికి తీస్కపోండి. కొనే ముందు అద్దెకు తెచ్చి మాస్కు సైజు తేల్చుకునుడు మేలు, సగం గొడవ మాస్కుతోనే. మీసం, గడ్డం ఉంటే గాలి కారతది, గీసెయ్యండి. ముక్కు దూలం మీద ఎర్ర మచ్చ పడితే ఆ రోజే మెత్త అతికించండి, పుండు పడ్డంక వారం దాక మాస్క్ పెట్టరాదు. నోరు తెరిచి పడుకునేటోళ్లకు ముక్కు మాస్కు సరిపోదు, నోరూ ముక్కూ కప్పేది కావాలె. అయితే చేతులు పడిపోయినంక తనంతల తను అది తీసుకోలేడు, వాంతి వస్తే ప్రాణం మీదికొస్తది. అందుకని పక్కన మనిషి పడుకోవాలె, తల కదిలిస్తే మోగే బెల్లు పెట్టాలె. మాస్కు మీద ఉండంగ తినిపించొద్దు.

దగ్గు కూడ ఊపిరి లెక్కనే. జలుబు కూడ ప్రాణం మీదికి తేవొచ్చు. దగ్గితే వచ్చే గాలి వేగాన్ని ఆస్తమా వాళ్లు ఊదే పీక్ ఫ్లో మీటర్‌తోనే కొలవొచ్చు. నిమిషానికి 270 లీటర్ల కింద ఉంటే జలుబు వచ్చినప్పుడు కష్టం, 160 కింద ఉంటే తెమడ బయటికి రాదు. 270 కిందికి రాంగనే అంబు బ్యాగు (చేతితోని ఒత్తి గాలి నింపే సంచి) ఒకటి, గాలి ఎనక్కి రాని వాల్వు ఉన్నది తెచ్చుకోండి. రెండు మూడు సార్లు ఒత్తి, ఒకదాని మీద ఒకటి గాలి నింపి, నిండినంక "దగ్గు" అంటూ అదే క్షణం మీ రెండు అరచేతులతోని బొడ్డు పైన, పక్కటెముకల కింద లోపలికి, పైకి నెట్టాలె. రోజుకు రెండు మూడు పూటలు, తిన్న గంటన్నర లోపల చేయొద్దు. ఫిజియో దగ్గర ఒకసారి చేసి చూపించుకొని నేర్వండి. నోట్ల, గొంతుల చేరింది తీసేటందుకు సక్షన్ మిషన్ ఇంట్ల ఉండాలె, ట్యూబు నోటి ఎనక గోడకు తగలకుంట.

కొత్తకోట_ఊరోడు

అన్నా, మా దిక్కు పసరు మందు, నరాల సూదులు అని ఆర్‌ఎంపీలు వారానికోటి ఇస్తున్నరు. వేస్తే నష్టమా?

నరాలలెక్క

ఆ సూదిలో ఎక్కువగా ఉండేది బీ12. బీ12 తక్కువ ఉంటే వేయాలి, రక్తపరీక్షలో తెలుస్తుంది. వారానికోటి వేసే ఆ మామూలు సూదితో ఎమ్మెన్డీ తగ్గుతుందన్న రుజువు లేదు. పసరులో ఏముందో తెలియదు, పైగా మింగలేని మనిషికి ఏ నీళ్ల మందైనా ఊపిరితిత్తుల్లోకి పోయే దారే. రిలుజోల్ మీద లివర్ ఎంజైములు పెరిగితే, పసరు వల్లా మాత్ర వల్లా తేలక ఉన్న ఒక్క మందూ ఆపాల్సి వస్తుంది.

సంకటిముద్ద

తిండి సంగతి నేను చెప్త. 61 నుంచి 54 అంటే పదకొండు శాతం పోయింది. ఇక్కడ ఆగి ఆలోచించాలె. ఈ జబ్బుల బరువు తగ్గినోళ్లకు రోజులు కూడా తొందరగ తగ్గుతయి. 54 కిలోలకు రోజుకు 1,700-1,900 కేలరీలు పడాలె. మింగుడు కష్టమైనంక మూడు పూటల అన్నంతోని అది కుదరదు. ఆరేడు చిన్న పూటలు చేయండి, ప్రతి దాంట్ల నెయ్యి. ఒక టీస్పూన్ నెయ్యి 45 కేలరీలు, గొంతు జారుడుకు కూడ పనికొస్తది. కొలెస్ట్రాల్ అని ఇప్పుడు నెయ్యి మానిపించే డాక్టరుంటే మర్యాదగ వినండి, ఇంటికొచ్చి వేయండి.

మన తిండ్ల ఏది ప్రమాదం అంటే, పచ్చిపులుసు అన్నం. వినడానికి ఇచ్చంత్రం గానీ నీళ్లు, మెతుకులు కలిసి ఉన్న తిండి అన్నిటికన్నా కష్టం. మెతుకు నమిలే లోపల పులుసు గొంతుల జారి శ్వాసనాళంలకు పోతది. పల్చటి సల్ల, చాయ్, పప్పుచారు అన్నం, పాలల్ల అటుకులు కూడ అంతే. ఎండు జొన్నరొట్టె పొడి పొడి అయి గొంతుల అంటుకుంటది. సకినాలు, పల్లీలు, మక్కపేలాలు పూర్తిగ బందు. పనికొచ్చేది ఒకే తీరు మెత్తగ, ముద్దగ ఉండేది: జొన్న గట్క, మక్క గట్క బాగ ఉడికించి నెయ్యి వేసి, రాగి సంకటి మెత్తగ, గడ్డ పెరుగు, మెత్తటి పెసరపప్పు కిచిడి, మెదిపిన అరటిపండు, బొప్పాయి. చెంచా తిరగేస్తే ముద్ద ఒక్కసారి జారిపడాలె, కారొద్దు, అంటుకోవద్దు. అదే కొలత.

నీళ్లు పొలమారుతుంటే చిక్కగ చేయాలె. ఊళ్లల్ల బియ్యప్పిండి కాసి చిక్కబరుస్తరు. అయితే నోటి లాలాజలం గంజిని విరుస్తది, నోట్ల పెట్టిన చెంచా మళ్లా గిన్నెల ముంచితే పది నిమిషాలల్ల మొత్తం పల్చనైతది. ప్రతి చెంచా కడిగి ముంచండి, లేదంటే మెడికల్ షాపుల క్సాంథన్ గమ్ తీరు చిక్కబరిచే పొడి అడగండి, అది లాలాజలానికి విరగదు. మింగేటప్పుడు గడ్డం ఛాతీ దిక్కు వంచాలె. తల ఎత్తి గొంతుల పోసుడు మన దిక్కు అలవాటు, అది మానిపించాలె. తిన్నంక అరగంట కూసోబెట్టాలె.

పెగ్ ట్యూబ్ గురించి ఎవరూ మీకు చెప్పలేదు అనిపిస్తుంది, చెప్పిఉంటే మీరు అడిగేటోళ్లు. పొట్ట మీదికెళ్లి నేరుగ జీర్ణాశయంలకు వేసే గొట్టం. బరువు పది శాతం పోయినా, ఒక పూట తినుడు 40 నిమిషాలు దాటినా, పొలమారుడు రోజూ అవుతున్నా వేసే టైమైనట్టే. ఎఫ్‌వీసీ 50 కిందికి పోయినంక మత్తు ఇచ్చి వేసుడు ప్రమాదం పెరుగుతది. మీ నాయిన 62 మీద ఉన్నడు. నా మాట వింటే ఈ నెలల గ్యాస్ట్రో డాక్టర్‌ను కలవండి. "ఇంకా తింటుండు గద, ఇప్పుడే ఎందుకు" అని ఇంట్ల అంటరు. ట్యూబ్ వేసినంత మాత్రాన నోటితోని తినుడు ఆగదు, రుచికి తినొచ్చు, మందులు, నీళ్లు మాత్రం ట్యూబుల పోతయి. ముక్కుల నుంచి వేసే రైల్స్ ట్యూబు నాలుగు వారాలకు మించి మంచిది కాదు, ముక్కు పుండైతది, బైపాప్ మాస్కు కుదరదు.

ట్యూబుల పోసేటప్పుడు తల వైపు 30-45 డిగ్రీలు ఎత్తి, 50 మిల్లీ సిరంజి పిస్టన్ తీసి గరాటు తీరు పెట్టి, దానంతట అదే జారేటట్టు పోయాలె, నెట్టొద్దు. ఒక పూటకు 200-250 మిల్లీ, ఇరవై ముప్పై నిమిషాలల్ల. ముందొక సారి, ఎనకొక సారి 30-50 మిల్లీ గోరువెచ్చటి నీళ్లు. రాగి జావ చల్లారితే గట్టిపడి ట్యూబుల బిగుస్తది, పల్చగ కాసి నైలాన్ జాలిల వడకట్టి గోరువెచ్చగనే పోయండి. గోలీలు పిండిలాగ నూరి నీళ్లల్ల కలిపి, ఒక్కొక్కటి వేరువేరుగ, నడుమ నీళ్లు. మూసుకపోతే గోరువెచ్చటి నీళ్లతోని నెమ్మదిగ వెనక్కి ముందుకు లాగండి, తీగ గుచ్చొద్దు. ట్యూబ్ ఊడొస్తే దారి గంటల్లోనే మూసుకపోతది, వెంటనే ఆసుపత్రికి పోవాలె. వేసిన మొదటి నెలల ఊడితే మీరే లోపలికి నెట్టొద్దు, పొట్ట పొరల్ల పోతది.

ఉమ్ము కారుడుకు డాక్టర్‌ను అడగండి: రాత్రి అమిట్రిప్టిలిన్ 10-25 మిల్లీగ్రాములు, లేకుంటే నాలుక కింద అట్రోపిన్ 1 శాతం కంటి చుక్కలు ఒకటి రెండు. గ్లకోమా (కంట్ల ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నోళ్లకు, మూత్రం కష్టమున్నోళ్లకు పడవు. మరీ ఎండబెడితే ఉమ్ము జిగటై గొంతుల తీగలు పడతది, అది కారుడుకన్నా పెద్ద బాధ. నీళ్లు తక్కువైనా అంతే అయితది, ముందు రోజు మొత్తంల నీళ్లెన్ని పోయినయో కొలవండి.

డిండివాగు

అందరికీ దండం. పెగ్ సంగతి నిజంగనే ఎవరూ చెప్పలేదు. ఒకటి రెండు మాటలు ఇంకా. నాయిన ఒక్కోసారి చిన్న మాటకే ఆగకుండ ఏడుస్తుండు, తర్వాత నవ్వుతుండు. మనసు పాడైందా? మాట పూర్తిగ పోతే ఎట్ల? సంతకం పెట్టరాదు ఇక, పట్టా పాసుబుక్కు, పింఛను పనులు ఎట్ల?

మాటపలక

ఆ ఏడుపు దుఃఖం కాదు. పై నరకణాలు పోతే నవ్వు, ఏడుపు మీద మెదడు పట్టు సడలుతుంది, లోపల బాధ లేకున్నా బయట ఏడుపు వస్తుంది. ఆయనను ఓదార్చొద్దు, ఎందుకు ఏడుస్తున్నవని అడగొద్దు, మాట మార్చండి. తగ్గడానికి మందులు ఉన్నాయి, డాక్టర్‌కు చెప్పండి. అది కాకుండా, మొండితనం, ముందెన్నడూ లేని దుబారా, పట్టింపు లేకపోవడం వస్తే అది వేరే, ఆలోచనా భాగం దెబ్బతిన్నట్టు. కొంతమందికి వస్తుంది. అప్పుడు డబ్బు పనులు మీరు తొందరగా సర్దుకోవాలి.

మాట పోకముందే ఫోన్‌లో ఆయన గొంతు రికార్డు చేయండి. పెద్ద ప్రసంగాలు కాదు, రోజూ అనే మాటలే, ఎవరిని ఎట్లా పిలుస్తాడో అట్లా: "ఓ అవ్వా", "జర పక్కకు తిప్పు", "నీళ్లియ్యి". ఒక్కో మాట ఒక్కో ఫైల్.

మాట పోయాక అక్షరాలు ఎంచుకుని చెప్పడానికి పలక చేసుకునేటప్పుడు చాలామంది 56 అక్షరాలూ గీస్తారు, వాడలేక పారేస్తారు. తెలుగు వర్ణమాల వరుసలే ఈ పనికి బాగా కుదురుతాయి. ఒక అట్ట మీద ఏడు వరుసలు: అచ్చులు, క వరుస, చ వరుస, ట వరుస, త వరుస, ప వరుస, య నుంచి హ దాకా. ఙ, ఞ తీసేయండి, ఒత్తక్షరాలు కూడా తీసేయండి, ఖ కు బదులు క చాలు. మీరు వరుస పేర్లు నెమ్మదిగా చదువుతారు: "అచ్చు, క, చ, ట, త..." ఆయన వరుస వచ్చినప్పుడు కళ్లు పైకెత్తుతాడు. అప్పుడు ఆ వరుసలో అక్షరాలు: "త, ద, న". మళ్లీ కళ్లు. తర్వాత గుణింతం: "తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం, సున్నా". గుడికీ గుడిదీర్ఘానికీ తేడా అడగకండి, వత్తులు అడగకండి. "అమ" వచ్చిందంటే అమ్మ అని తెలిసిపోతుంది. రెండు అక్షరాలు రాగానే మీరు ఊహించి అడగండి, కళ్లు పైకెత్తితే అవును, కాసేపు గట్టిగా మూస్తే కాదు. ఈ అవును-కాదు గుర్తు ఇంట్లో అందరికీ ఒకటే ఉండాలి, నర్సుకు కూడా.

అక్షరాల దాకా పోకుండానే తీరే అవసరాలకు వేరే అట్ట: తెమడ తీయి, మాస్కు సర్దు, పక్క మార్చు, దురద (ఎక్కడ), దోమ, చలి, ఉక్క, మూత్రం, మంచం ఎత్తు, ఫ్యాను, అందరూ బయటికి పోండి. చివరిది తప్పకుండా పెట్టండి, రోగికి అది చాలా కావాలి. చూపు నెల నెలకూ మారదు గనుక చేతులు పూర్తిగా పోయినా ఇది పనిచేస్తుంది. చేతిలో బలం ఉన్నప్పుడే నేర్పండి, అలవాటైతే ఒక్క అరగంటలో మామూలు సంభాషణ నడుస్తుంది.

కాయితాలు

సంతకం విషయం. బ్యాంకులో రోగి వేలిముద్రకు గానీ, అది కూడా వేయలేకుంటే కాలి బొటనవేలి ముద్రకు గానీ వీలుంది, ఆర్బీఐ నియమం. ఇద్దరు సాక్షులు గుర్తించాలె, అందులో ఒకరు బ్యాంకు బాధ్యతగల ఉద్యోగి అయి ఉండాలె. ఖాతాను ఇప్పుడే మీ అమ్మతోని కలిపి "ఎవరైనా లేక బతికున్నవారు" పద్ధతికి మార్పించండి, నామినీ రాయించండి.

భూమి మార్పిడి చేయాలనుకుంటే ఆయన తెలివి, మాట ఉన్నప్పుడే. మంచం పట్టినా రిజిస్ట్రేషన్ అధికారి (సాగు భూమికైతే తహశీల్దారు) ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే వీలు 1908 రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది, దరఖాస్తు పెట్టి డాక్టర్ సర్టిఫికెట్ జతచేయాలె.

పింఛనుకు వైకల్య ధ్రువపత్రం కావాలె, కనీసం 40 శాతం. దరఖాస్తు పెట్టి, వైకల్యం ఎంతో డాక్టర్లు లెక్కగట్టే క్యాంపుకు పోవాలె, ఇప్పుడు దరఖాస్తు ఎట్లనో మీసేవల అడగండి. ఈఎంజీ రిపోర్టు, నరాల డాక్టర్ చీటీ తీస్కపోండి. జబ్బు పెరిగేది అని డాక్టర్‌తోని రాయించండి, ఈయాల 45 అని ఇస్తే ఏడాదికి మళ్లా అంచనా అడగొచ్చు. వెంటిలేటర్ వద్దు, కావాలె అన్న నిర్ణయం కూడ ఆయనతోనే రాయించుకోవచ్చు. 2018 సుప్రీంకోర్టు తీర్పు, 2023ల సడలింపు తర్వాత ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. అడగడం కష్టమే, కానీ అర్ధరాత్రి క్యాజువాలిటీల మీరు నిర్ణయించుడు ఇంకా కష్టం.

డిండివాగు

బైపాప్ పెడితే కరెంటు పోయినప్పుడు? మా ఊర్ల గాలివానొస్తే రాత్రంత రాదు.

ఊపిరిబల్ల

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది కొనండి, చౌక స్క్వేర్ వేవ్‌ది కొన్ని మిషన్లను పాడుచేస్తది. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి అంటే 12 వోల్టులకు 1,800 వాట్ అవర్లు, సగమే నమ్మండి, 900. మిషన్, నష్టాలు కలిపి 60 వాట్లు గుంజితే 15 గంటలొస్తది. కానీ నీళ్లు వెచ్చబెట్టే హ్యూమిడిఫైయర్ ఆన్ ఉంటే అది మిషన్ కన్నా ఎక్కువ గుంజుతది. కరెంటు పోతే ముందు దాన్ని ఆపండి, నీళ్ల డబ్బ తీసి పక్కన పెట్టండి. ఆ లైన్ మీద ఫ్యాను, టీవీ వేయొద్దు, బైపాప్, సక్షన్, ఒక బల్బు చాలు. నెలకోసారి మెయిన్ ఆపి ఎన్ని గంటలొస్తున్నదో చూసి గోడ మీద రాయండి, బ్యాటరీ పాతబడితే తగ్గుతది. మిషన్ ఆగితే అంబు బ్యాగు చేతికందే చోట ఉండాలె.

నడకమంచం

నులక మంచం మీద పండుకోబెడుతున్నారా? నడుము లోతుకు పోయి ఊపిరి ఇంకా బిగుస్తది, పక్క మార్చలేరు. ప్లైవుడ్ పలక వేసి పైన పరుపు వేయండి. తల దిక్కు కోళ్ల కింద ఇటుకలు పెడితే మనిషి కిందికి జారిపోతడు, దానికి బదులు వీపు కింద వాలు దిండు, మోకాళ్ల కింద మడిచిన దుప్పటి. స్పర్శ ఉంటది గనుక ఒరుసుకుంటే తనకు తెలుస్తది, అయినా రెండు మూడు గంటలకోసారి తిప్పాలె. లేపేటప్పుడు చేతులు పట్టి గుంజొద్దు, భుజం కండ కరిగి కీలును పట్టి ఉంచే బలం లేదు, జారిపోతది. నడుముకు వెడల్పు తువ్వాల చుట్టి అది పట్టి లేపండి. ఎడమ పాదానికి ఏఎఫ్ఓ అని ప్లాస్టిక్ ఆసరా తొడిగితే తట్టుకొని పడుడు ఆగుతది. కాళ్ల బిగువుకు బాక్లోఫెన్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతరు గానీ ఎక్కువైతే కాలు మెత్తబడి కూలబడతడు, ఆ బిగువు మీదనే కొంతమంది నిలబడుతుంటరు. మోతాదు పెంచిన వారం నడక మీద కన్నేసి ఉంచండి.